శ్రీ గుప్త గారికి కృతజ్ఞతలతో

మంగళవారం పొద్దున సత్యకుమారి పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటి బస్సెక్కి, బ్రిడ్జి దాటి, రాజమండ్రిలో డాక్టరుకి తన రెండు మోకాళ్ళూ చూపించుకుని, మధ్యాహ్నానికి కొవ్వూరు తిరిగొచ్చి, కాళ్ళు వేడి ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూర్చోవాలి. ఆ తరువాత ఎవరు పిలిచినా పలకకూడదని కూడా అనుకుంది. పోస్టాఫీసులో ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరైన మనిషికి ఆమాత్రం ఆశ ఉండకూడదా?

ఉండకూడదని వెంకటరామరాజు గారు ఎనిమిదింపావుకే వచ్చి తేల్చేశారు.

ఆవిడ కార్యదర్శిగా, ఆయన అధ్యక్షుడిగా ఉన్న సంస్థ పేరు ‘తోడు సేవా సమితి’. దానికున్న ఆస్తి ఒక్క వ్యాను. చుట్టుపక్కల ఊళ్ళలో కిడ్నీలు పాడైన పదకొండు మందిని వారానికి రెండుసార్లు తెల్లవారకుండానే ఎక్కించుకుని, గోదావరి దాటించి, రాజమండ్రిలో డయాలసిస్ అయ్యేదాకా ఉండి, మళ్ళీ ఎవరి గుమ్మంలో వాళ్ళని దింపడం ఆ వ్యాను పని. అది వెళ్ళిందా వచ్చిందా చూడడం, మధ్యలో ఆగిపోతే తోయించడం, డ్రైవరు అలిగితే బతిమాలడం తొమ్మిదేళ్ళుగా సత్యకుమారి పని. జీతం లేదు. మానేద్దామని ప్రతి ఉగాదికీ అనుకుంటుంది.

రాజుగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆర్నెల్ల కిందటే అధ్యక్షుడయ్యారు. ముందురోజే విజయవాడలో ఏదో ట్రైనింగు ముగించుకుని, చంకలో ఒక ఫైలుతో దిగారు.

“మనం ఎంత పెద్ద తప్పు చేస్తున్నామో తెలుసాండి సత్యకుమారి గారూ?”

“ఏంటండి?”

“దాతలకి థాంక్స్ చెప్పట్లేదండి!”

“రసీదు పంపిస్తున్నాం కదండీ. కింద ధన్యవాదాలని అచ్చేసే ఉంటుంది.”

“అదే కూడదన్నారండి. అచ్చేసిన ధన్యవాదం లెక్కలోకి రాదట. పేరు పెట్టి పిలిచి చెప్పాలట. ఇంటికెళ్ళి చెప్పాలట. వాళ్ళిచ్చింది ఎవరికి ఎలా పనికొచ్చిందో విడమర్చి చెప్పాలట. మళ్ళీ ఆ నోటితోనే ఇంకేం అడక్కూడదట.”

“మంచి మాటేనండి. నాకు బస్సు టైమవుతోందండి.”

“మీరు వెళ్ళిరండి. ఆ దాతల రిజిస్టరొక్కటి నా చేతిలో పెట్టి వెళ్ళండి. అందరికంటే ఎక్కువిచ్చినాయన దగ్గర్నించే మొదలెడతాను.”

సత్యకుమారి రిజిస్టరు తీసి ఇచ్చేసింది. మనసంతా మోకాళ్ళ మీదుంది కనక ఇంకేమీ ఆలోచించలేదు.

ఆ రిజిస్టరులో పేరు రాసే గడి బొటనవేలంత వెడల్పు కూడా ఉండదు. ఏటా కార్తీకంలో ఒక రోజు తాతాజీ గారనే అరటితోటల రైతు సైకిలు మీద వచ్చి, కాఫీ ఇస్తానన్నా కూర్చోకుండా, వ్యానుకి ఏడాది పొడుగునా సరిపడే డీజిలు ఖర్చు ఒక గుడ్డసంచిలో ఇచ్చి వెళ్ళిపోతారు. అది రాకపోతే వ్యాను షెడ్డు గుమ్మం దాటదు. మొదటి ఏడే ఆయన ఒక షరతు పెట్టారు. “నా పేరు నీ నోట్లోంచి బయటికొచ్చిన రోజున నేనిటు రానమ్మా” అన్నారు. సత్యకుమారి మాటిచ్చింది. పేరు గడిలో ‘గుప్తదానం’ అని రాయబోయి, చోటు చాలక ‘గుప్త’ దగ్గర ఆపేసింది. టెలిగ్రాముల కాలం నుంచి పనిచేసిన మనిషి కనక అక్షరాలు పొదుపు చెయ్యడం ఆవిడకి అలవాటు. ఆ తరువాత ప్రతి ఏడూ అదే రాస్తూ పోయింది. తొమ్మిదేళ్ళకి తొమ్మిది గుప్తలు.

మధ్యాహ్నం రెండు మోకాళ్ళకీ రెండు బెల్టులతో ఆవిడ తిరిగొచ్చేసరికి రాజుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది.

“దొరికారండి!”

“ఎవరండి?”

“గుప్త గారండి! తొమ్మిదేళ్ళుగా అందరికంటే ఎక్కువిస్తున్న మహానుభావుడికి మనం ఒక్కసారైనా దణ్ణం పెట్టామాండి? సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.”

సత్యకుమారికి ఒక్క క్షణం మోకాళ్ళ నొప్పి తెలియలేదు. “ఏ గుప్త గారండి?”

“మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు జానకిరామ్ గుప్త గారండి. మన వ్యానులో మంచినీళ్ళ డ్రమ్ము మీద ఆయన పేరే చెక్కి ఉందిగా. రెంటికీ లింకు కలిపేశాను. శాలువా కప్పి, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చేతిలో పెట్టాను. ఆయనేమన్నారో తెలుసాండి? ‘నేనేం ఇవ్వలేదండి బాబూ’ అన్నారండి!”

“ఇవ్వలేదు కాబట్టే అన్నారేమోనండి.”

“అక్కడేనండి కిటుకు! పెద్ద దాతలు ఒక పట్టాన ఒప్పుకోరని ట్రైనింగులో చెప్పారు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒప్పుకోలేదు. ఇంక ఖాయం చేసేసుకున్నాను.”

“ఆయన కాదండి రాజుగారూ.”

“మరెవరండి?”

సత్యకుమారి నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. అది మనిషి పేరు కాదని చెప్పడం క్షణం పని. చెబితే రాజుగారు అసలు మనిషి కోసం బయల్దేరతారు. కాలవ గట్టుకి గండి ఎక్కడ పడిందో జల్లెడ పట్టి కనిపెట్టిన ఇంజనీరు ఆయన. దాతని కనిపెట్టడం ఒక పూట పని. శాలువా పట్టుకుని తాతాజీ గారి గుమ్మంలో నిలబడతారు. ఆ పైన వ్యాను ఉండదు.

ఆవిడ మౌనం చూసి రాజుగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. “చూశారా! మీచేత కూడా ఒట్టేయించుకున్నారన్నమాట! ఏం మనిషండి ఆయన!”

ఆయన వెళ్ళాక సత్యకుమారి ఉప్పునీళ్ళు కాచుకుంది. అవి చల్లారిపోయేదాకా వాటి వంక చూస్తూ కూర్చుంది గానీ కాళ్ళు పెట్టడం మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే జానకిరామ్ గుప్త గారు వచ్చారు. శాలువా మడతపెట్టి సంచిలో తెచ్చారు. పూతరేకులు మాత్రం ఇంట్లో పిల్లలు తినేశారట, దానికి క్షమించమన్నారు.

“మేడమ్ గారూ, నేను మీ వ్యానుకిచ్చింది ఒక్క మంచినీళ్ళ డ్రమ్మండి. అదీ నాలుగేళ్ళ కిందట. దానికప్పుడు ఎవరూ ఏమీ అనలేదు లెండి. దాని సంగతి వదిలేయండి. నిన్నటి నుంచి నా బతుకు బస్టాండైపోయిందండి. వినాయకుడి కమిటీ వాళ్ళొచ్చారు. బడికి ప్రహరీ కట్టేవాళ్ళొచ్చారు. వాళ్ళకేదో సర్దిచెప్పాను. ఇంట్లో సర్దిచెప్పలేకపోతున్నానండి.”

“ఇంట్లో ఏమైందండి?”

“తొమ్మిదేళ్ళు నాకు తెలియకుండా దాచావంటే ఇంకా ఏమేం దాచావో చెప్పమంటోందండి మా ఆవిడ. ఏమీ లేదంటే, దీని గురించి కూడా నిన్నటిదాకా అలాగే అన్నావుగా అంటోంది. దాన్ని కాదనడానికి నాకు మాట దొరకట్లేదండి.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నేనేమీ ఇవ్వలేదని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మీకు పుణ్యముంటుంది.”

సత్యకుమారికి ఆయన మీద జాలేసింది. సమితి పేరున్న కాగితం తీసి, ‘శ్రీ జానకిరామ్ గుప్త గారు గత తొమ్మిదేళ్ళలో ఒక నీళ్ళ డ్రమ్ము మినహా మా సమితికి ఎట్టి విరాళమూ ఇచ్చి ఉండలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేసి ఇచ్చింది. దాంతో గొడవ చల్లారుతుందనుకుంది.

ఆయన దాన్ని లామినేషన్ చేయించి కొట్లో గల్లాపెట్టె పైన తగిలించారు.

అంతే, అప్పటిదాకా నమ్మనివాళ్ళు కూడా నమ్మేశారు. ఇవ్వనివాళ్ళు ఊళ్ళో వేలమంది ఉన్నారు, వాళ్ళలో ఒక్కడైనా ఇవ్వలేదని బోర్డు పెట్టుకున్నాడా అని బజార్లో మాట్లాడుకున్నారు. ముద్ర వేయించి మరీ దాస్తున్నాడంటే ఎంతిచ్చి ఉంటాడో చూసుకోమన్నారు. కొందరు ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి కింద దండాల బొమ్మలు పెట్టారు. రాజుగారు అది చూసి చలించిపోయి, ఆదివారం పదింటికి కళ్యాణ మండపంలో పౌరసన్మానం అన్నారు.

గురువారం నుంచి మైకు ఆటో తిరగడం మొదలైంది. “తన పేరు బయటికి రాకూడదని తపించిన నిరాడంబరుడు జానకిరామ్ గుప్త గారికి, జానకిరామ్ గుప్త గారికి...” అని సందుసందుకీ ఆగి చెప్పింది. సత్యకుమారి తాతాజీ గారికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. తోటలో ఆయన ఫోన్ ఎప్పుడు మోగింది గనక? శనివారం ఆటో కట్టించుకుని ఆయన ఊరికి వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. అరటిగెలల లారీతో రావులపాలెం వెళ్ళారని ఎదురింటావిడ చెప్పింది. చీటీ రాసిపెడదామంటే ఏం రాస్తుంది? ‘మీ పేరు బయటికి రాలేదు, మీ బదులు ఇంకొకరి పేరు వచ్చింది’ అనా? తాతాజీ గారి అరుగు మీదే కాసేపు కూర్చుని, వచ్చిన ఆటోలోనే తిరిగొచ్చింది.

ఆదివారం మండపం నిండిపోయింది. గుమ్మంలో ప్రతివాళ్ళకీ ఒక పూతరేకు పంచారు. వేదిక మీద గుప్త గారు ఉరిశిక్ష పడ్డవాడిలా కూర్చున్నారు. పక్కనే ఆయన భార్య భర్త వంక చూడకుండా జనం వంక చూస్తోంది. సత్యకుమారి మెట్ల పక్కన కుర్చీలో సర్దుకుంటూ తలతిప్పి చూసేసరికి, ఆఖరి వరసలో తెల్లపంచెతో, మోకాలి మీద తువ్వాలు వేసుకుని తాతాజీ గారు కనిపించారు.

రాజుగారు వ్యానులో వెళ్ళొచ్చే నాగదుర్గని మాట్లాడమన్నారు. వాళ్ళిచ్చింది ఎలా పనికొచ్చిందో విడమర్చి చెప్పాలని ట్రైనింగులో అన్నారు కదా. నాగదుర్గ వేదిక మెట్లెక్కలేక రెండుసార్లు ఆగింది.

“బాబు గారూ, ఇదివరకు డయాలసిస్ అయ్యాక కళ్ళు తిరిగిపోయేయండి. రాజమండ్రిలోనే కోటిపల్లి బస్టాండులో బెంచీ మీద పడుకునేదాన్ని. మీద ఈగలు వాలినా తోలుకునే ఓపికుండేది కాదండి. మా ఆయన పనికెళ్ళాలాండి, నాతో రావాలాండి? ఈ బండొచ్చాక మా గుమ్మంలో దింపుతున్నారండి. మొన్న మా అమ్మాయి పదో తరగతి పాసైందండి. అది చూసుకోడానికి ఉన్నానంటే ఈ బండేనండి.”

చెప్పి, వంగి గుప్త గారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన ఎగిరి నిలబడి మైకు లాక్కున్నారు.

“నాకు పెట్టకమ్మా! ఆ దణ్ణం నాది కాదు! ఇచ్చింది నేను కాదండీ, మా అమ్మ మీద ఒట్టు!” ఆయన నిజంగానే ఏడ్చేశారు.

మండపం దద్దరిల్లిపోయింది. ముందు వరసలో ముసలాయనెవరో ‘ఈ కాలంలో ఇలాంటివాళ్ళా’ అని కళ్ళొత్తుకున్నాడు. ఆ చప్పట్ల మధ్యలో తాతాజీ గారు లేచి, నడవలోంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి సత్యకుమారి కుర్చీ దగ్గర ఆగారు. “ఒకసారి బయటికి రామ్మా” అన్నారు.

వ్యాను పోయిందనుకుంది సత్యకుమారి. పదకొండు మంది ముఖాలూ వరసగా కళ్ళముందుకొచ్చాయి. కుంటుకుంటూ ఆయన వెనకే నడిచింది.

మండపం బయట చెప్పుల గుట్ట పక్కన ఆయన నిలబడ్డారు. “మైకులో చెబుతుంటే విని వచ్చాను. ఎవరమ్మా అతను?”

“స్టీలు కొట్టు గుప్త గారండి. తప్పు నాదేనండి. గడిలో చోటు చాలక పొట్టిగా రాశాను. మీ పేరు మాత్రం నా నోట్లోంచి రాలేదండి, నమ్మండి.”

“రాలేదని తెలుస్తూనే ఉంది. వస్తే ఆ దండ నా మెళ్ళో పడేదిగా.” ఆయన కోపంగా ఉన్నారో లేదో ముఖం చూస్తే తెలియలేదు. “ఆ అమ్మాయి చెప్పింది చూడూ, బెంచీ మీద పడుకునేదాన్నని. అదంతా నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదమ్మా నువ్వు?”

పేరు వద్దన్న మనిషికి కబురు కూడా అక్కర్లేదని సత్యకుమారి తొమ్మిదేళ్ళు అనుకుంది. నిజం చెప్పాలంటే, అలా అనుకుంటే ఒక పని తగ్గేది. ఏటా ఆయన ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు, ఈవిడ సంచి అందుకుని తలుపేసుకునేది. ఆవిడకి చాలా సిగ్గేసింది.

“మా ఆవిడ అప్పాయమ్మ పోయేముందు రెండేళ్ళు బస్సులోనే వెళ్ళొచ్చిందమ్మా డయాలసిస్‌కి,” అన్నారు తాతాజీ గారు తువ్వాలు చేతికి చుట్టుకుంటూ. “కారు కట్టిస్తానంటే ఎందుకూ దండగ అనేది. నేను రెండోసారి అడిగేవాణ్ణి కాదు. తోటలో పనుందని నేను వెళ్ళేవాణ్ణీ కాదు. ఇంటికొచ్చి ఏమీ చెప్పేది కాదు. అదీ అలాగే ఏ బెంచీ మీదో పడుకునేదేమో, ఇవాళ ఆ అమ్మాయి చెబుతుంటే తెలిసింది. ఇది దానమని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంక పేరెందుకు?”

లోపల ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

“కార్తీకంలో వస్తాను. ఎప్పట్లాగే,” అన్నారాయన. “నువ్వొక పని చెయ్యి. బండి మీద అప్పాయమ్మ అని రాయించు. ఇంటిపేరూ అదీ వద్దు. ఎవరని అడిగితే ఎవరో ఒకావిడని చెప్పు. డ్రైవరు పక్కన సీటు ఖాళీ ఉంటే ఒకసారి నేనూ ఎక్కి వెళ్ళొస్తాను. ఏం చెయ్యనులే. ఊరికే కూర్చుంటాను.”

“అలాగేనండి,” అంది సత్యకుమారి.

ఆయన సైకిలెక్కి మలుపు తిరిగేసరికి రాజుగారు చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చారు. “ఎవరండి ఆ పెద్దాయన?”

“పూతరేకులు బాగున్నాయని చెప్పి వెళ్తున్నారండి.”

“పేరేంటండి? థాంక్స్ చెప్పొద్దూ?”

“అడగలేదండి,” అంది సత్యకుమారి.

బుధవారానికి వ్యాను రెండు పక్కలా ఎర్రటి అక్షరాలతో ‘అప్పాయమ్మ’ అని రాయించారు. అప్పాయమ్మ అంటే గుప్త గారి నాయనమ్మ అయ్యుంటుందని కొవ్వూరు సాయంత్రానికల్లా తేల్చేసింది. కాదని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఈపాటికి ఆయనకి తెలుసు. ఇంట్లో మాత్రం ‘నాకు తెలియకుండా ఈ అప్పాయమ్మ ఎవరు’ అని కొత్త గొడవ మొదలైందట.

శుక్రవారం పొద్దున సత్యకుమారి ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టీ పెట్టగానే గుమ్మంలో ఆటో ఆగింది. గుప్త గారు దిగి, వ్యానుకి బిగించే స్టీలు మెట్టొకటి, పట్టుకుని ఎక్కడానికి రెండు స్టీలు కడ్డీలు దింపించారు.

“ఆదివారం ఆవిడ మెట్లెక్కలేక అవస్థ పడింది కదండీ. కళ్ళలోంచి పోవట్లేదండి. బిగించేవాణ్ణి కూడా పంపిస్తాను.”

సత్యకుమారి తడికాళ్ళతోనే లేచి నిలబడింది. ఈసారి తొమ్మిదేళ్ళు ఆగదలచుకోలేదు.

“గుప్త గారూ, నాలుగేళ్ళ కిందట డ్రమ్ముతోపాటు ఒక చిన్న గ్లాసిచ్చారు గుర్తుందాండి? మా పేషెంట్లు నీళ్ళు ఎక్కువ తాగకూడదండి. ఎంత దాహమేసినా ఆ గ్లాసుతో ఒక్కటే. వ్యానులో పదకొండు మందికీ అదే కొలతండి. అది లేకపోతే చాలా ఇబ్బందయ్యేది. మీకెప్పుడూ చెప్పలేదు.”

“ఆ గ్లాసు మరీ చిన్నదని ఎవరూ కొనకపోతే పడేశానండి అందులో,” అన్నారు గుప్త గారు. ఈ గొడవ మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు.

“రసీదు రాస్తానుండండి.”

“రాయండి గానీ పేరు మాత్రం వద్దండి మేడమ్ గారూ! నేనిచ్చానని ఈ ఊళ్ళో ఒక్కళ్ళకి కూడా తెలియకూడదు. మీకు దణ్ణం పెడతాను.”

సత్యకుమారి రిజిస్టరు తెరిచి, కొత్త వరసలో బొటనవేలంత గడి వంక కాసేపు చూసి, ‘గుప్త’ అని రాసింది. ఈసారి ఎటు చదివినా తప్పు లేదు.